పన్ను తగ్గించాక తిరగబడ్డారెందుకు? సొంత సామ్రాజ్యం మీద సెటిలర్ల తిరుగుబాటు

మీరడిగింది క్లుప్తంగా ఇది: "అమెరికా కాలనీల్లో ఉన్నవాళ్లూ బ్రిటిష్‌వాళ్లే కదా. అదే భాష, అదే రాజు. ఫ్రెంచివాళ్ల నుంచి కాపాడిందీ బ్రిటిష్ సైన్యమే. మరి సొంతవాళ్ల మీదే ఎందుకు తిరగబడ్డారు? పన్నులు అంత భారమయ్యాయా? పార్లమెంటులో నాలుగు సీట్లు పడేసి ఉంటే సరిపోయేది కాదా?"

దాదాపు ముప్ఫై ఏళ్లు డిగ్రీ, పీజీ క్లాసుల్లో ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పాను. ఈ ప్రశ్న ఏటా వచ్చేది. జవాబు పత్రాల్లో దానికి ఒకే తప్పు సమాధానం కూడా ఏటా వచ్చేది. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు సూటిగా జవాబు. చాలాకాలం చూసీచూడనట్టు వదిలేసిన సామ్రాజ్యం ఒక్కసారిగా పగ్గాలు బిగించబోతే సెటిలర్లు తిరగబడతారు. వదిలేసిన కాలంలో అలవాటైనదంతా వాళ్ల లెక్కలో హక్కు అయిపోతుంది. రాజధానిలో కూర్చున్నవాడి లెక్కలో అదే ఇన్నాళ్లూ తాను చూపించిన దయ. ఈ రెండు లెక్కలూ ఒకటి కావని ఇద్దరికీ తెలిసిన రోజున గొడవ మొదలవుతుంది. పన్ను ఎంత అన్నది అందులో చిన్న భాగం.

ఇక్కడ మన తెలుగు మాట ఒక చిక్కు తెస్తుంది. "వలస పాలన మీద తిరుగుబాటు" అనగానే మనకు 1857, రంప, అల్లూరి గుర్తొస్తారు. తన నేలను లాక్కున్నవాడి మీద మనిషి తిరగబడటానికి పెద్ద వివరణ అక్కర్లేదు. మీ ప్రశ్నలో తిరగబడ్డవాళ్లే నేల లాక్కున్నవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు, మనవలు. సామ్రాజ్యం వల్ల బాగుపడ్డవాళ్లు. వాళ్లు ఎందుకు ఎదురు తిరిగారన్నదే చిక్కు ప్రశ్న. అందుకే "సెటిలర్లు" అనే మాటే వాడతాను.

పన్ను సంగతి మొదట తేల్చేద్దాం. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఉండే మనిషి కట్టే పన్నుతో పోలిస్తే అమెరికా సెటిలర్ కట్టేది చాలా తక్కువ. లండన్‌వాళ్ల కడుపుమంట కూడా అదే. ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ల యుద్ధం (1756–63) ముగిసేసరికి బ్రిటన్ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటింది. యుద్ధం అయ్యాక కూడా సుమారు 10,000 మంది సైనికుల్ని అమెరికాలో ఉంచాలనుకున్నారు. "మీ కోసమే కదా, ఖర్చులో కొంత మీరూ పెట్టుకోండి" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. నా విద్యార్థుల్లో సగంమంది ఇక్కడ లండన్ పక్షమే తీసుకునేవాళ్లు, నేను తప్పుపట్టేవాణ్ని కాదు.

కానీ మొలాసిస్ (పంచదార తీయగా మిగిలే చిక్కటి పాకం) కథ చూడండి. 1733 చట్టం ప్రకారం విదేశీ దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద గ్యాలనుకు 6 పెన్నీల సుంకం. బోస్టన్ చుట్టుపక్కల రమ్ము కాచేవాళ్లకు మొలాసిస్ లేనిదే పని జరగదు. ఆరు పెన్నీలు నిజంగా కడితే వ్యాపారం మూతపడాల్సిందే. కాబట్టి ఎవరూ కట్టలేదు. కస్టమ్స్ ఉద్యోగికి కొంత ముట్టజెప్పి సరుకు దించుకునేవాళ్లు. ముప్ఫై ఏళ్లు ఇలాగే నడిచింది. ఒక తరం మొత్తం దొంగ సరుకును మామూలు వ్యాపారంగానే చూస్తూ పెరిగింది. 1764లో పార్లమెంటు ఆ సుంకాన్ని సగానికి, అంటే 3 పెన్నీలకు తగ్గించింది. తగ్గించి, ఈసారి నిజంగా వసూలు చేయమంది. ఓడలకు కాగితాలు, నావికాదళం తనిఖీలు, పట్టుబడితే ఎక్కడో ఉత్తరాన హాలిఫాక్స్‌లో జ్యూరీ లేని కోర్టులో విచారణ. ఊళ్లో జ్యూరీ అయితే పక్కింటివాడు పక్కింటివాణ్ని వదిలేస్తాడని ఆ ఏర్పాటు. అసలు అల్లరి మొదలైంది సుంకం తగ్గాకే!

తేయాకుది ఇంకా విచిత్రం. క్లాసులో ఈ ప్రశ్న బోర్డు మీద రాసి ఊరుకునేవాణ్ని: "1773లో బోస్టన్‌కు వచ్చిన తేయాకు అంతకుముందు కంటే చౌక. అయినా సముద్రంలో పారబోశారు. ఎందుకు?" ఎక్కువమంది ప్రశ్నే తప్పనుకునేవాళ్లు. ధర పెరిగిందనే బట్టీ పట్టి వచ్చేవాళ్లు కదా! ఒక ఏడాది వ్యాపార కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి లేచి, "సార్, ఎవరో ఒకరికే చౌకగా అమ్మే వీలిస్తే మిగతా కొట్లవాళ్లు ఏం కావాలి?" అంది. సగం జవాబు అక్కడే వచ్చేసింది. ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి, గోదాముల్లో తేయాకు పేరుకుపోయి ఉంది. దాన్ని గట్టెక్కించడానికి, ఎంపిక చేసిన ఏజెంట్ల ద్వారా కాలనీల్లో నేరుగా అమ్ముకోనిచ్చారు. అక్కడి టోకు వ్యాపారులకూ, డచ్ తేయాకు దొంగచాటుగా తెచ్చేవాళ్లకూ ఒకేసారి దెబ్బ. బెంగాల్లో కంపెనీ చేసిన నిర్వాకం కూడా అమెరికాలో అప్పటికే తెలుసు. అక్కడ జనం నోటి దగ్గర కూడు తీసినవాళ్లు ఇప్పుడు మన మీద పడ్డారు అని ఆ ఏడాదే పెన్సిల్వేనియా రచయిత జాన్ డికిన్సన్ రాశాడు.

రెండో సగం ఎవరూ చెప్పేవాళ్లు కాదు. ఆ చౌక తేయాకు మీద కూడా పౌనుకు 3 పెన్నీల సుంకం ఉంది. ఆ సుంకం ఎక్కడికి పోతుంది? గవర్నర్లకు, జడ్జీలకు జీతాలు ఇవ్వడానికి. నన్నడిగితే ఈ గొడవ గుండెకాయ ఇదే. పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో పోతుంది కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

వర్జీనియాలో ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చున్నది 1619లో. మిగతా కాలనీల్లోనూ అలాంటి సభలు వచ్చాయి. కాగితం మీద వాటికి పెద్ద అధికారాలేమీ లేవు. గవర్నర్ వీటో చేయవచ్చు, సభను రద్దు చేయవచ్చు, లండన్ చట్టాల్ని కొట్టేయవచ్చు. కానీ చాలా కాలనీల్లో గవర్నర్ జీతం మంజూరు చేసేది ఆ సభే. మాట వినని గవర్నర్‌కు ఆ ఏడాది జీతం ఆలస్యమవుతుంది. ఈ ఒక్క పట్టుతో నూరేళ్లకు పైగా అక్కడి పెద్దమనుషులు తమ ఊళ్లను తామే పాలించుకున్నారు. లండన్‌లో ఎవరూ దీన్ని అధికారికంగా ఒప్పుకోలేదు, అలాగని ఆపనూ లేదు. 1767 నాటి టౌన్‌షెండ్ సుంకాల (తేయాకు మీది ఆ 3 పెన్నీలూ వీటిలోవే) ఉద్దేశం గవర్నర్‌ని ఈ పట్టు నుంచి తప్పించడం. 1772లో మసాచుసెట్స్ జడ్జీలకు కూడా ఇక రాజే జీతమిస్తాడని తెలియగానే బోస్టన్‌లో మిగతా ఊళ్లతో ఉత్తరాలు నడిపే కమిటీ వెలిసింది. కాలనీలన్నిటినీ కలిపిన అల్లిక అక్కడి నుంచే సాగింది. ఆ ఏడాది కొత్తగా పన్నేమీ పడలేదని గమనించండి.

నాకు ఇది పుస్తకం చదివినప్పటికంటే స్టాఫ్‌రూములో బాగా అర్థమైంది. నేను పనిచేసిన ఒక కాలేజీలో పదిహేనేళ్లుగా లెక్చరర్లు తమ క్లాసుల టైంటేబుల్ తామే వేసుకునేవాళ్లు. రూల్స్‌లో అలా లేదు, అలవాటు అంతే. కొత్తగా వచ్చిన యాజమాన్యం ఆ పని ఆఫీసుకు అప్పజెప్పింది. నిజం చెప్పాలంటే ఆఫీసువాళ్లు వేసిన టైంటేబులే బాగుంది, నాకు వారానికి రెండు పీరియడ్లు తగ్గాయి. అయినా అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఎందుకు అరిచావని ఇంట్లో అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. "నన్ను అడగలేదు" అన్నది తప్ప.

రెండో సంగతి అవమానం. సెటిలర్ తనను సామ్రాజ్యంలో సమాన భాగస్వామి అనుకుంటాడు. రాజధాని తనను కిందివాడిగా చూస్తోందని ఏదో ఒకరోజు తెలుస్తుంది. జార్జ్ వాషింగ్టన్‌నే తీసుకోండి. 1750ల్లో వర్జీనియా దళానికి కర్నల్‌గా ఫ్రెంచివాళ్లతో పోరాడాడు. కానీ రాజు ఇచ్చిన కమిషన్ (సైనికాధికారి నియామక పత్రం) ఉందని ఒక మామూలు కెప్టెన్ ఆయన ఆజ్ఞ వినను పొమ్మన్నాడు. ఆ పంచాయితీ తేల్చుకోవడానికి 1756లో గుర్రమెక్కి బోస్టన్ దాకా వెళ్లాల్సొచ్చింది. బ్రిటిష్ రెగ్యులర్ సైన్యంలో కమిషన్ కోసం ఎంత తిరిగినా దొరకలేదు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ ఇంకా ముచ్చటైనది. ఏళ్ల తరబడి లండన్‌లో ఉండి, సామ్రాజ్యాన్ని మనసారా నమ్మిన మనిషి. 1765లో కాలనీల్లో కాగితాల మీద పన్ను వేసే స్టాంపు చట్టం వచ్చినప్పుడు అది అమలవుతుందనే అనుకున్నాడు. పెన్సిల్వేనియాలో స్టాంపులు పంచే ఉద్యోగానికి తన స్నేహితుడి పేరు ఆయనే సిఫార్సు చేశాడు, ఆ పుణ్యాన ఆ స్నేహితుడు జనం కోపానికి గురయ్యాడు. అలాంటి ఫ్రాంక్లిన్‌ని 1774 జనవరిలో లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ (రాజుగారి సలహా మండలి) ముందు నిలబెట్టి, నిండు సభలో గంటసేపు తిట్టారు. ఆయన నోరు మెదపకుండా నిలబడ్డాడు. తర్వాత పోస్టల్ ఉద్యోగమూ ఊడింది. రెండేళ్లకు స్వాతంత్ర్య ప్రకటన మీద ఆయన సంతకం ఉంది. న్యూజెర్సీ గవర్నర్‌గా ఉన్న కొడుకు విలియం మాత్రం రాజు పక్షానే ఉండిపోయాడు. తండ్రీకొడుకులు మళ్లీ మనసిచ్చి కలవలేదు. "కాలనీవాళ్లు తిరగబడ్డారు" అని గంపగుత్తగా అనేటప్పుడు ఈ ఇల్లు గుర్తుంచుకోండి. రాజు పక్షాన నిలిచి, ఓడిపోయాక దేశం విడిచి వెళ్లినవాళ్లే సుమారు 60,000 మంది.

భూమి సంగతి. 1763 అక్టోబరులో రాజు ఒక ప్రకటన చేశాడు. అపలాచియన్ కొండలు దాటి పడమరకు సెటిలర్లు పోకూడదు. పాంటియాక్ నాయకత్వంలో అక్కడి మూలవాసులు యుద్ధానికి దిగారు, దాన్ని ఆపే ఖర్చు లండన్ భరించలేదు. ఫ్రెంచివాళ్లను తరిమితే ఆ భూములు తమవే అనుకున్న సెటిలర్‌కు ఇది వెన్నుపోటులా తోచింది. వాషింగ్టన్ ఈ ప్రకటనను తాత్కాలిక ఏర్పాటుగానే చూశాడు. 1767లో తన సర్వేయరుకు ఉత్తరం రాసి, ఈలోగా మంచి భూములు గుట్టుగా గుర్తుపెట్టి ఉంచమన్నాడు. స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ల ఉత్తరాల్లో ఎకరాల లెక్క కూడా ఉంటుంది. ఎవరి స్వేచ్ఛ, ఎవరి భూమి అని పక్కనే రాసుకుంటూ చదవండి.

పక్కన శత్రువు లేకపోవడం కూడా కలిసొచ్చింది. కెనడాలో ఫ్రెంచివాళ్లు ఉన్నంతకాలమే ఈ కాలనీలు అణకువగా ఉంటాయని 1748లో అక్కడ తిరిగిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త పేర్ కాల్మ్ ముందే రాసిపెట్టాడు. 1763లో కెనడా బ్రిటన్ చేతికొచ్చింది. పన్నెండేళ్లకు లెక్సింగ్టన్‌లో ఈ యుద్ధపు తొలి తుపాకులు పేలాయి.

ఇప్పుడు నా సిద్ధాంతాన్ని నేనే పరీక్షకు పెడతాను. పగ్గాలు బిగించింది తిరగబడ్డ ఈ పదమూడు అమెరికా కాలనీలకేనా? కరీబియన్ దీవులకూ అవే చట్టాలు. జమైకా, బార్బడోస్ ఎందుకు తిరగబడలేదు? జమైకాలో ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బానిసలు. 1760లోనే టాకీ అనే బానిస నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు జరిగింది. బ్రిటిష్ సైన్యం వెళ్లిపోతే తెల్ల యజమాని ఆ రాత్రి నిద్రపోలేడు. వాళ్ల పంచదారకు లండన్ మార్కెట్టే దిక్కు. 1774 డిసెంబరులో జమైకా సభ అమెరికన్ల వాదనను సమర్థిస్తూ రాజుకు అర్జీ పెట్టింది, అందులోనే తాము బలహీనులమని, ఎదిరించే ఉద్దేశం లేదని కూడా రాసుకుంది. కోపం అదే, ధైర్యం లేదు. తన కింద ఎవరున్నారన్న భయం సెటిలర్ విధేయతను నిర్ణయిస్తుంది.

దీనికి తిరకాసు కూడా ఉంది. దక్షిణ కరోలినాలోనూ బానిసలే ఎక్కువ, అయినా అది తిరగబడింది. ఎందుకంటే అదే భయం ఎదురు దిశలో కూడా పనిచేస్తుంది. 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు వచ్చి రాజు సైన్యంలో చేరితే విముక్తి ఇస్తామని ప్రకటించాడు. అప్పటిదాకా ఊగిసలాడిన భూస్వాములు చాలామంది ఆ దెబ్బతో తిరుగుబాటు వైపు దూకారు. కాపలా కాస్తాడనుకున్నవాడే తలుపు తీశాడు మరి.

స్పానిష్ అమెరికాలో ఈ భయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అక్కడ పుట్టిన స్పానిష్ సంతతివాళ్లను క్రియోల్లు అంటారు. 1750 దాకా ఆడియెన్సియా అనే పెద్ద కోర్టుల్లో పదవులు డబ్బిచ్చి కొనుక్కునే వీలుండేది. క్రియోల్లు కొనుక్కుని, తమ ఊళ్లను తామే నడుపుకున్నారు. తర్వాత వచ్చిన సంస్కరణల్లో ఆ అమ్మకాలు ఆపి, స్పెయిన్ నుంచి మనుషుల్ని దింపారు, పన్నుల వసూలు బిగించారు. పాలన పద్ధతి ప్రకారం చూస్తే అది మెరుగే, లంచగొండి పదవుల బేరం పోయింది. క్రియోల్లకు మాత్రం కాళ్ల కింద నేల జరిగింది. 1781లో న్యూ గ్రనడాలో (నేటి కొలంబియా) జనం లేచినప్పుడు ఇచ్చిన నినాదం వినండి: రాజు వర్ధిల్లాలి, చెడ్డ పాలన నశించాలి.

అమెరికన్లు కూడా దాదాపు చివరిదాకా మంత్రుల్నీ పార్లమెంటునూ తిట్టారు గానీ రాజును అనలేదు. 1775 జులైలో కూడా రాజుకు వినతిపత్రం పంపారు, ఆయన తీసుకోనే లేదు. ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. 1776 ప్రకటన చదివితే నేరాల జాబితా మొత్తం రాజు మీదే, పార్లమెంటు పేరైనా ఉండదు. పార్లమెంటుకు మేమెప్పుడూ లోబడి లేము, మాకున్న బంధం రాజుతోనే అని వాళ్ల వాదన. ఆ బంధం తెంచుకుంటేనే బయటపడినట్టు.

మళ్లీ క్రియోల్ల దగ్గరికి. అంత కోపం ఉన్నా 1780ల్లో వాళ్లు విడిపోలేదు. 1780–81లో పెరూలోని కుజ్కో ప్రాంతంలో రెండో టుపాక్ అమరు నాయకత్వాన మూలవాసులు లేచిన తీరు చూసి హడలిపోయి మళ్లీ రాజు వెనక దాక్కున్నారు. పెరూ అయితే చివరి పెద్ద యుద్ధం దాకా, అంటే 1824లో అయకుచో దాకా, స్పెయిన్‌కు కోటలా నిలిచింది. పంచదార, బానిసలు ఉన్న క్యూబా అసలు కదల్లేదు, 1898 దాకా స్పెయిన్ కిందే ఉంది. మిగతాచోట్ల తలుపు తెరిచింది నెపోలియన్. 1808లో స్పెయిన్ రాజును బందీ చేశాడు. రాజు లేనప్పుడు అధికారం ఎవరిది అన్న ప్రశ్నకు 1810లో కరాకస్, బ్యూనస్ ఎయిర్స్, బొగోటా, శాంటియాగో ఒక్కొక్కటిగా "మాది" అన్నాయి. మెక్సికో కథ నాకు మరీ ఇష్టం. స్పెయిన్‌లోనే 1820లో ఉదారవాదులు గెలిచారు. దాంతో మెక్సికోలో చర్చి, భూస్వాములు బెదిరిపోయి, అప్పటిదాకా తిరుగుబాటుదారుల్ని వేటాడిన సైన్యాధికారి ఇటుర్బిడే ముందుండగా 1821లో విడిపోయారు. మార్పు రాకూడదని తెచ్చుకున్న స్వాతంత్ర్యం అది!

అలాంటిదే 1965 నవంబరు 11న రొడీషియాలో (నేటి జింబాబ్వే). జనాభాలో సుమారు 5 శాతం ఉన్న తెల్లవాళ్లు, మెజారిటీ పాలన ఇవ్వాల్సిందేనని బ్రిటన్ అన్నందుకు, ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆ ప్రకటన వాక్యాలు 1776 నాటి ప్రకటనను చూసి అల్లినవే. రెండూ పక్కపక్కన పెట్టి చదివించేవాణ్ని. సెటిలర్ తిరుగుబాటు అనగానే స్వేచ్ఛా పోరాటం అని రాసే అలవాటు అక్కడితో పోయేది చాలామందికి.

బ్రిటన్ పాఠం నేర్చుకుంది కూడా. కెనడాలో 1837లో అల్లర్లు జరిగాయి, 1848 నాటికి అక్కడి సభకు జవాబుదారీగా ఉండే ప్రభుత్వం ఇచ్చింది. ఆస్ట్రేలియాలో 1854 డిసెంబరు 3న యురేకా దగ్గర బంగారు గనులవాళ్ల మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాత లైసెన్సు రుసుము తీసేసి ఏడాదికి ఒక పౌను హక్కుపత్రం ఇచ్చారు, దాంతోపాటు ఓటు కూడా. వాళ్లకు నాయకత్వం వహించిన పీటర్ లాలర్ మరుసటి ఏడాదే శాసనమండలిలో కూర్చున్నాడు.

ఇక మీ చివరి ప్రశ్న, సీట్లు ఇస్తే సరిపోయేదా అని. సరిపోయేది కాదు, ఎందుకంటే సీట్లు కావాలని వాళ్లు అడగలేదు. "ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు" అన్న నినాదం విని, ప్రాతినిధ్యం అడిగారనుకుంటాం. 1765 అక్టోబరులో న్యూయార్క్‌లో తొమ్మిది కాలనీల ప్రతినిధులు కూర్చుని చేసిన తీర్మానాల్లో, బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభలో తమకు ప్రాతినిధ్యం లేదు, దూరాన్ని బట్టి ఉండటం కుదరదు కూడా అని స్పష్టంగా రాశారు. మూడు వేల మైళ్ల అవతల నలుగురు సభ్యులు కూర్చుంటే ప్రతిసారీ ఓడిపోవడం తప్ప చేయగలిగేది లేదని వాళ్లకు తెలుసు. మా సభే మాకు పార్లమెంటు అన్నారు. ఆ ఒక్కటే లండన్ ఇవ్వనన్నది. 1766లో స్టాంపు చట్టాన్ని రద్దు చేస్తూనే, కాలనీల మీద ఏ విషయంలోనైనా సరే చట్టం చేసే హక్కు మాకుందని ఇంకో చట్టం చేసి పెట్టుకుంది. ప్రభువుల సభలో అప్పట్లో కాలనీల వైపు ఓటేసిన కొద్దిమందిలో కారన్‌వాలిస్ ఒకడు. అవును, 1781లో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్‌కు లొంగిపోయి, ఆ తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చిన ఆ కారన్‌వాలిసే.

రాజీ దారి అసలే లేదనీ అనను. 1774లో కాలనీల ప్రతినిధులు కూడిన ఫిలడెల్ఫియా కాంగ్రెస్‌లో జోసెఫ్ గాలొవే అనే ప్రతినిధి ఒక పథకం పెట్టాడు. కాలనీలన్నిటికీ కలిపి ఒక సభ, అది ఒప్పుకోకుండా పార్లమెంటు వాళ్ల మీద చట్టం చేయకూడదు. ఒక్క కాలనీ ఓటు తేడాతో పక్కన పెట్టేశారు, తర్వాత మినిట్స్‌లోంచి కూడా తీసేశారు. 1778లో చేతులు కాలాక లండన్ ఆకులు పట్టుకుంది. కాలనీల మీద పన్ను వేయబోమని చట్టం చేసి, దాదాపు 1775లో వాళ్లు అడిగినవన్నీ ఇస్తామంటూ దూతల్ని పంపింది. అప్పటికే సారటోగాలో ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయింది, ఫ్రాన్స్‌తో ఒప్పందం మీద ఫ్రాంక్లిన్ సంతకం పెట్టేశాడు. దూతలు ఫిలడెల్ఫియా చేరేసరికి బ్రిటిష్ సైన్యం ఆ ఊరు ఖాళీ చేయడానికి సామాన్లు సర్దుకుంటోంది.